బరంపురం అద్దె క్యాంపింగ్ కిట్: తప్తపాణికి సరే, పూగా వేడి బుగ్గలకి ఎంతవరకు?

ఒడిశాలోని బరంపురంలో అద్దెకి దొరికే క్యాంపింగ్ కిట్ గురించి ఈ సమీక్ష. దుకాణం పేరు ఇక్కడ అనవసరం. కిట్‌లో ముగ్గురు పట్టే డోమ్ టెంటు, రెండు స్లీపింగ్ బ్యాగులు, రెండు ఫోమ్ మ్యాట్లు, ఒక గాలి పరుపు, గ్యాస్ డబ్బా పెట్టే క్యాసెట్ స్టవ్వు, మూతతో ఒక నాన్‌స్టిక్ గిన్నె, లాంతరు, కుళాయి ఉన్న 20 లీటర్ల నీళ్ళ క్యాను, కారు సాకెట్‌కి తగిలించే గాలి పంపు ఉంటాయి. అన్నీ ఒకే బస్తాలో కట్టి ఇస్తారు.

గోపాల్‌పూర్ ఇసకలోనో, తప్తపాణి వేడి బుగ్గ దగ్గరో, దారింగబాడి కొండల్లోనో ఒక రాత్రి గడపడానికి కూర్చిన సామాను ఇది. ఆ పనికి వంక పెట్టేదేమీ లేదు. చిక్కల్లా ఇదే బస్తాని "లద్దాఖ్‌కి కూడా ఇదే పట్టుకెళ్తారండీ, భయం లేదు" అంటూ అంటగట్టడంతో వస్తుంది. ఇది తడిని తట్టుకోవడానికి చేసిన కిట్. లద్దాఖ్‌లోని పూగా, చుమథాంగ్ బుగ్గలున్నది చలి ఎడారి. అక్కడ ఏడాదికి పడే వాన దాదాపు 100 మిల్లీమీటర్లే, మన గంజాంలో ఒక్క తుపాను రోజున కురిసేంత. వాటర్‌ప్రూఫ్ అని లేబుల్ మీద ఎంత పెద్ద అంకె ఉన్నా అక్కడ ఒరిగేది తక్కువ. గాలి, రాత్రి చలి, పల్చటి వాతావరణం, తాగడానికి పనికిరాని నీళ్ళు, వీటిని తట్టుకుంటుందా లేదా అన్నదే చూడాలి.

ముందు టెంటు సంగతి, ఎందుకంటే ఎక్కువమంది దెబ్బతినేది అక్కడే. దుకాణంలోనే విప్పించి చూడండి. పై గుడ్డ, అంటే ఫ్లై, లోపలివైపు అరచెయ్యి వేసి రుద్దండి. తడిసిన బెల్లం అంటుకున్నట్టు జిగటగా ఉన్నా, పుల్లటి వాసన వేసినా ఆ టెంటు వద్దు. ఆ గుడ్డకి లోపల పాలీయురెథేన్ పూత ఉంటుంది. తీరప్రాంతపు తేమలో, సరిగ్గా ఆరబెట్టకుండా మడిచి దాస్తే పూత కుళ్ళి జిగురవుతుంది, తర్వాత పొలుసులుగా రాలుతుంది. అద్దె టెంట్లలో ఇది తరచుగా కనిపించే జబ్బు. ఒకరు వానలో వాడి తెచ్చినది మర్నాడే ఇంకొకరికి వెళ్ళిపోతే ఆరేది ఎప్పుడు?

కిట్‌లోని కర్రలు ఫైబర్‌గ్లాస్‌వి. చలికి, ఎడతెగని గాలికి జాయింట్ దగ్గర నిలువునా చీలతాయి, చీలిక పేళ్ళు వేళ్ళలో దిగుతాయి. అల్యూమినియం కర్రలున్న టెంటు అడగండి, అద్దె కాస్త ఎక్కువైనా సరే. లేదంటే కర్ర కంటే కొంచెం లావుగా, ఒక జానెడు పొడవున్న అల్యూమినియం గొట్టం ముక్క, ఒక చుట్ట గట్టి టేపు వెంట ఉంచుకోండి. విరిగినచోట గొట్టం తొడిగి టేపు చుడితే ప్రయాణం అయ్యేదాకా నిలుస్తుంది.

మేకులు మాత్రం పూర్తిగా మార్చుకోవాల్సినవే. బస్తాలో ఉండేవి సన్న తీగ వంచి చేసిన మేకులు. గోపాల్‌పూర్ ఇసకలో ఎలాగూ నిలవవు, పూగా గులకనేలలో రెండు దెబ్బలకే వంగుతాయి. ఇనుప సామాను కొట్లో 25 నుంచి 30 సెంటీమీటర్ల చువ్వలు పది కోయించి, ఒక కొస కొక్కెంలా వంచించుకోండి. పూగాలో ఇంకో తిరకాసు ఉంది. బుగ్గల చుట్టుపక్కల నేల బోరాక్స్, గంధకం పేరుకుని పైకి గట్టిగా, కింద బూడిదలా గుల్లగా ఉంటుంది. అలాంటిచోట ఎంత పొడుగు చువ్వైనా ఊడి వచ్చేస్తుంది. అసలు ఆ తెల్లనేల మీద టెంటు వెయ్యకూడదు. గట్టి గులకరాళ్ళ నేల చూసుకుని, తాళ్ళని పెద్ద రాళ్ళకి కట్టి, ఆ రాళ్ళ మీద ఇంకో రాయి పెట్టాలి. మధ్యాహ్నం దాటాక లోయ పొడవునా గాలి లేస్తుంది కాబట్టి ఉదయమే టెంటు వేసి, వాకిలి గాలికి ఎదురుగా లేకుండా చూసుకోవాలి. పచ్చగడ్డి కనిపించింది కదా అని దాని మీద వెయ్యొద్దు. చాంగ్‌పా కాపరుల పాష్మినా మేకలకి ఉన్న మేతే అది. దగ్గర్లో మనుషులుంటే ఎక్కడ వెయ్యాలో అడిగి వేస్తే మర్యాదగా ఉంటుంది, గాలి తక్కువ తగిలే చోటు కూడా వాళ్ళే చూపిస్తారు. త్సో మొరీరి, త్సో కర్ సరస్సుల ఒడ్డున టెంట్లు వేసే ఆలోచన మానుకోండి. రెండూ రామ్‌సర్ అనే అంతర్జాతీయ ఒప్పందం కింద గుర్తింపు ఉన్న చిత్తడి నేలలు, మొదటిది 2002లో, రెండోది 2020లో ఆ జాబితాలో చేరాయి.

స్లీపింగ్ బ్యాగు సంచీ మీద "−5" అని ఉంటుంది. దాన్ని నమ్మి వెళ్తే రాత్రంతా కూర్చునే ఉండాలి. బ్యాగులకి మూడు అంకెలుంటాయి: హాయిగా నిద్రపట్టే ఉష్ణోగ్రత, ముడుచుకుని ఎలాగోలా పడుకోగలిగేది, ప్రాణం మాత్రం నిలిచేది. చౌక బ్యాగుల మీద పెద్దక్షరాల్లో వేసేది సాధారణంగా మూడోదే. లోపల కుట్టిన చిన్న లేబుల్ మీద "కంఫర్ట్" అన్న అంకె వెతకండి. అది లేకపోతే రాసినదానికి పది డిగ్రీలు కలిపి చదువుకోవడం క్షేమం. సుమారు 4,400 మీటర్ల ఎత్తున ఉన్న పూగాలో సెప్టెంబరు రాత్రి సున్నాకో, ఇంకా కిందకో దిగడం మామూలే. పైగా అద్దె బ్యాగుని ఏళ్ళ తరబడి కుక్కి దాచడంతో లోపలి దూది అణగారిపోయి, ఉండాల్సిన వెచ్చదనంలో కొంత ముందే పోయి ఉంటుంది. బ్యాగుని వెలుతురుకి ఎత్తిపట్టి చూస్తే దూది లేని ఖాళీ గళ్ళు పల్చగా కనిపిస్తాయి. ఈ కిట్ బ్యాగే తీసుకుంటే ఇంటి నుంచి ఒక్కొక్కరికి ఒక ఉన్ని దుప్పటి తోడు ఉండాలి. దుప్పటి బ్యాగు మీద కప్పుకోవాలి. లోపల బిగుతుగా కుక్కితే దూది ఇంకా నలిగిపోయి లాభం పోతుంది.

కిందనుంచి వచ్చే చలిని జనం లెక్కలోకి తీసుకోరు. కిట్‌లోని గాలి పరుపు చూడ్డానికి మెత్తగా ఉంటుంది గానీ అందులో ఉన్నది వట్టి గాలే. అది నేలతోపాటే చల్లబడి వీపుకి మంచులా తగులుతుంది. దాన్ని ఇంటి దగ్గర వదిలేసి, అదే అద్దెకి ఫోమ్ మ్యాట్లు ఇంకో రెండు అడిగి తీసుకోండి. ఒకదాని మీద ఒకటి వేస్తే చలిని ఆపే శక్తి కలిసి పెరుగుతుంది. నిజంగా హాయి కావాలంటే ఆర్-విలువ (చలిని ఆపే శక్తికి కొలత) 3 కంటే ఎక్కువున్న మ్యాట్ కొనుక్కోవాల్సిందే, అది అద్దె దుకాణాల్లో ఉండదు.

స్టవ్వు దగ్గర జాగ్రత్త ఎక్కువ కావాలి. క్యాసెట్ స్టవ్వుకి వాడే పొడుగాటి డబ్బాలో సాధారణంగా బ్యూటేన్ ఉంటుంది. సముద్రమట్టంలో అది సున్నాకి అర డిగ్రీ కింద ఆవిరవడం మానేస్తుంది. ఎత్తులో గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి ఇంకాస్త చలిలోనూ ఆవిరవుతుంది. అయినా వెలిగించిన కొద్దీ డబ్బా తనంతట తనే చల్లబడి మంట కుంగిపోతుంది. తెల్లవారుజామున టీ పెట్టబోతే నీలిమంట గుడ్డిదీపమై కూర్చోవడానికి కారణం ఇదే. డబ్బాని రాత్రి స్లీపింగ్ బ్యాగులో కాళ్ళ దగ్గర పెట్టుకుంటే పొద్దున్న సరిగ్గా వెలుగుతుంది. పక్కనే వేడి బుగ్గ ఉంది కదా అని అందులో ముంచారో, పేలుతుంది. 50 డిగ్రీలు దాటనివ్వొద్దని డబ్బా మీదే రాసి ఉంటుంది, పూగా బుగ్గల్లో నీళ్ళు 84 డిగ్రీల దాకా ఉంటాయి. అదే లెక్కన మే, జూన్ ఎండలో రాయపూర్, నాగపూర్ మీదుగా పోయేటప్పుడు మూసిన కారు డిక్కీలో డబ్బాలు వదిలి భోజనానికి వెళ్ళడమూ ప్రమాదమే. రైల్లోనూ విమానంలోనూ వీటిని తీసుకెళ్ళనివ్వరు. అలా వెళ్ళేవాళ్ళు లేహ్ బజారులో కొనుక్కోవాలి.

ఫుల్ మంట మీద ఒక డబ్బా గంటన్నర వస్తుంది. ఇద్దరికి రెండుపూటల వంట, టీలు, తాగడానికి కాచే నీళ్ళు కలిపి రోజుకి ఒక డబ్బా, పైన ఒకటి అదనం అనుకోండి. గాలికి అడ్డుగా స్టవ్వు చుట్టూ రేకు చుట్టేస్తారు కొందరు, మరికొందరు డబ్బా గది మీదకి కూడా వచ్చేంత పెద్ద గిన్నె పెడతారు. రెండూ డబ్బాని కాల్చడమే. డబ్బా వైపు కాకుండా బర్నర్ వైపు మాత్రమే, ఒక జానెడు దూరంలో అడ్డు ఉండాలి. టెంటు లోపల వెలిగించడం ఎక్కడైనా తప్పే, పల్చటి గాలిలో మరీనూ. సగం కాలిన గ్యాసు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, తలనొప్పి ఎత్తు వల్లే అనుకుని పడుకుండిపోతారు.

వంట సామాను ఈ కిట్‌లో ఒక నాన్‌స్టిక్ గిన్నె, మూత, అంతే. అక్కడ ఆ గిన్నెలో అన్నం ఉడకదు. పూగా ఎత్తులో నీళ్ళు సుమారు 85 డిగ్రీలకే మరిగిపోతాయి. ఎంతసేపు మరిగించినా వేడి అంతకు మించదు, బియ్యం పైన మెత్తగా లోపల పలుకుగా ఉండిపోతుంది, కందిపప్పు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇంట్లోని మూడు లీటర్ల ప్రెషర్ కుక్కర్ తీసుకెళ్ళండి. మన ఊళ్ళో దాని లోపల 120 డిగ్రీలుంటే అక్కడ 113 దగ్గర ఆగుతుంది, కాబట్టి ఇంట్లో పట్టే సమయానికి సగం ఎక్కువ కలపాలి. కొత్త వాషర్, ఒక సేఫ్టీ వాల్వు అదనంగా ఉండాలి. కందిపప్పు బదులు పెసరపప్పు మేలు, పొద్దున్న నానబెడితే గ్యాసు ఇంకా మిగులుతుంది. అటుకులైతే మరగాల్సిన పనే లేదు, వేడినీళ్ళు పోసి మూతపెట్టి, చారుపొడో ఆవకాయో కలిపితే చాలు. ఆవకాయ సీసా నిండా పెట్టకండి. పైకెక్కిన కొద్దీ లోపలి గాలి ఉబ్బి నూనె మూతలోంచి ఊరుతుంది, ఆ ఎర్రనూనె అద్దె టెంటుకి అంటితే డిపాజిట్‌లోంచి కోస్తారు.

నీళ్ళ క్యానుకి అడుగున ఉన్న ప్లాస్టిక్ కుళాయి గతుకుల్లో వదులై డిక్కీ అంతా తడుపుతుంది. మూత మాత్రమే ఉన్న క్యాను అడగండి. తాగడానికి, వంటకి, గిన్నెలు కడగడానికి మనిషికి రోజుకి ఎనిమిది లీటర్లు లెక్క. ఇద్దరు రెండు రాత్రులుంటే రెండు క్యాన్లు లేహ్‌లోనే నింపుకోవాలి. పూగా నీటిలో బోరాన్, ఇతర లవణాలు ఎక్కువ. కిట్‌తోపాటు "అదనం" అని ఇచ్చే స్ట్రా ఫిల్టరు సూక్ష్మజీవుల్ని ఆపుతుంది గానీ కరిగిన లవణాల్ని ఆపదు, కాచినా అవి పోవు, ఇంకా చిక్కబడతాయి. ఆ ఫిల్టరుకి డబ్బు కట్టకండి.

గాలి పంపు ఈ బస్తాలో అన్నింటికంటే పనికొచ్చే వస్తువు. ఒక చిన్న లెక్క తెలిస్తే దాన్ని అనవసరంగా వాడరు. టైరు గేజీ చూపేది బయటి గాలికీ లోపలి గాలికీ తేడా. బయటి ఒత్తిడి సముద్రమట్టంలో 14.7 పీఎస్ఐ, పూగాలో ఎనిమిదిన్నర చిల్లర. ఆ లెక్కన బరంపురంలో 33 పెట్టిన టైరు అక్కడ ఆరు ఎక్కువ చూపాలి, కానీ చలికి లోపలి గాలి కుంచించుకుని ఆ పెరుగుదలలో చాలాభాగం పోతుంది. కాబట్టి కనుమల మీద మధ్యాహ్నపు ఎండలో గేజీ పెట్టి కంగారుగా గాలి వదిలెయ్యొద్దు. తెల్లారి, బండి కదలకముందు చూసి అప్పుడే సరిచెయ్యాలి. పంపు పనిచేసేటప్పుడు ఇంజను ఆన్‌లో ఉండాలి, పది నిమిషాలకోసారి ఆపి చల్లారనివ్వాలి. పంక్చర్ స్ట్రిప్పులు కిట్‌లో లేవు, విడిగా కొనుక్కోవాలి.

ఇక దారి. లేహ్ నుంచి ఉప్షి, అక్కణ్ణించి సింధూనది వెంట చుమథాంగ్ సుమారు 138 కిలోమీటర్లు. తర్వాత మహె వంతెన దాటి సుమ్‌దో మీదుగా పూగా. తిరుగుదారి పొలో కొంగ్‌కా కనుమ ఎక్కి త్సో కర్ వైపు దిగి, మనాలి రోడ్డు పట్టుకుని ఉప్షికి రావచ్చు. ఈ చుట్టుకి 400 కిలోమీటర్లకి సరిపడా ఇంధనం కావాలి. లేహ్ దాటాక కారు అనే ఊళ్ళో ఉన్న బంకులో ట్యాంకు నింపేసుకోండి, తర్వాత దొరుకుతుందన్న ఆశతో పోవద్దు. మనాలి వైపునుంచి వస్తూ లేహ్ వెళ్ళకుండానే త్సో కర్ దగ్గర మళ్ళి పూగాలో దిగిపోవడం దగ్గరదారిలా కనిపిస్తుంది గానీ ఒంటికి ప్రమాదం. అటల్ సొరంగం 2020లో తెరిచాక మనాలి రోడ్డు తొందరగా పైకి చేర్చేస్తోంది, ఒంటికి ఎత్తు అలవాటు పడే వ్యవధి ఆ మేరకు తగ్గింది. శ్రీనగర్, కార్గిల్ మీదుగా మెల్లగా ఎక్కి, లేహ్‌లో కనీసం రెండు రాత్రులు ఆగి, అప్పుడు పూగా. తలనొప్పితో వాంతులు మొదలైతే ఏ మందు ఉన్నా కిందకి దిగడమే వైద్యం.

ఒడిశా ప్రీపెయిడ్ సిమ్ లద్దాఖ్‌లో పనిచెయ్యదు, పోస్ట్‌పెయిడ్ ఒకటైనా ఉండాలి. పర్మిట్, పర్యావరణ రుసుముల నియమాలు మారుతుంటాయి కనుక బయల్దేరే వారం లేహ్ అధికారుల సైటులో చూసుకోండి. కారు సొంతదైతే మంచిది. బయట అద్దెకి తీసుకున్న సెల్ఫ్‌డ్రైవ్ బండిని అక్కడి ట్యాక్సీ యూనియన్లు లోపలి రూట్లలో తిరగనివ్వవు.

బుగ్గ దగ్గర తప్తపాణి అలవాటు పనికిరాదు. తప్తపాణి పంథనివాస్‌లో గది తొట్టిలోకే వేడినీళ్ళు వస్తాయి, మెట్లు దిగి కూర్చోవడమే. చుమథాంగ్‌లో కాస్త అలాంటి వసతి ఉంది, ఊరుంది, స్నానపు గదులున్నాయి. మొదటిసారి వెళ్ళేవాళ్ళు అక్కడ స్నానం చేసి, పూగాని చూడ్డానికి మాత్రం పెట్టుకుంటే మంచిదని మా అభిప్రాయం. పూగాలో ఉడుకుతున్న బుగ్గ, చల్లటి వాగు పక్కపక్కనే పారతాయి. రెండూ కలిసిన చోట మాత్రమే, వంటింటి థర్మామీటరు ముంచి 40 డిగ్రీల లోపు ఉంటేనే దిగాలి. పదిహేను నిమిషాలు చాలు. ఆ ఎత్తులో వేడినీళ్ళలోంచి ఒక్కసారిగా లేస్తే కళ్ళు తిరుగుతాయి, పక్కన ఇంకో మనిషి ఉండాలి. తెల్లగా పొక్కులు కట్టిన నేల మీద అడుగు వెయ్యొద్దు, పైపెంకు విరిగితే కింద మరిగే బురద. వెండి పట్టీలు, మట్టెలు, మొలతాడు ముందే తీసేయాలి, గంధకపు నీటికి నల్లబడిపోతాయి.

అద్దె లెక్క చివరికి ఇలా తేలుతుంది. దుకాణం రోజులు లెక్కపెడుతుంది, మీరు పడుకునేది రాత్రులు. బరంపురం నుంచి లేహ్ దాకా వెళ్ళి రావడానికి మూడు వారాలు పడితే అందులో టెంటు వేసేది నాలుగు రాత్రులు. మిగతా రోజులన్నీ బస్తా డిక్కీలో పడుంటుంది, అద్దె మాత్రం నడుస్తుంది. అందుకే ఇక్కణ్ణించి గాలి పంపు ఒక్కటే తీసుకుని, టెంటు, బ్యాగులు, మ్యాట్లు లేహ్‌లో ట్రెక్కింగ్ సామాను ఇచ్చేవాళ్ళ దగ్గర ఆ నాలుగు రాత్రులకే అద్దెకి తీసుకోవడం మేలు. వాళ్ళ సరుకు ఆ చలిని ఎరిగినది. ఇక్కడి కిట్టే తీసుకెళ్తామంటే జనవరిలో దారింగబాడిలో ఒక రాత్రి వేసి చూడండి, ఆ నెలలో అక్కడ చలి సున్నా దగ్గరికి వస్తుంది. అక్కడ నిద్రపట్టని బ్యాగు పూగాలో అసలు పనికిరాదు.

డిపాజిట్ దగ్గర ఒక మాట. కౌంటర్లో మాట్లాడేది తెలుగే గానీ రసీదు వెనక షరతులు ఒడియాలో ఉంటాయి. చదవడం రానివాళ్ళు చదివించుకుని సంతకం పెట్టండి. జిప్పు పాడైతే మొత్తం టెంటు ఖరీదు కోస్తామన్న షరతు అందులోనే ఉంటుంది. పూగా ధూళి ఉప్పులా జిప్పు పళ్ళలో కూరుకుని పట్టేస్తుంది. తిరిగొచ్చాక పాత టూత్‌బ్రష్‌తో మంచినీళ్ళు పోసి రుద్ది, ఆరాక కొవ్వొత్తి రాస్తే సాఫీగా నడుస్తుంది. తీసుకునేటప్పుడు ప్రతి జిప్పూ లాగుతూ ఫోన్లో వీడియో తీసి, దుకాణం వాళ్ళకి అక్కడే వాట్సాప్ చెయ్యండి.